ఖాలా వాళ్ళమ్మ బుఖ్తాలు

పోయిన శుక్రవారం రియాద్‌లో, బతా బజారులో కరివేపాకు ఏరుకుంటున్నాను. నా పక్కన ఈ దేశానికి కొత్తగా వచ్చిన జంట. కొత్తవాళ్ళని ఎలా తెలిసిందంటే, ఆ అమ్మాయి ప్రతి పొట్లాన్నీ చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, చదివి, మళ్ళీ అక్కడే పెడుతోంది. ఇక్కడ కొన్నేళ్ళు నీళ్ళు తాగినవాళ్ళెవరూ అలా చదవరు. చెయ్యి దానంతటదే వెళ్ళి కావలసింది తీసి సంచిలో పడేస్తుంది. సెలవు రోజు కాబట్టి కొట్టు కిటకిటలాడుతోంది. ఆ గోలలో వినపడదేమోనని ఆ అమ్మాయి గొంతు పెంచి, "గసగసాలు ఉన్నాయా అండీ?" అంది. కొట్టాయనది రాయచోటి. తూకం వేస్తున్న చెయ్యి ఆపేశాడు. "అక్కా, మెల్లగా అక్కా! ఆ పేరు ఈడ ఎత్తగూడదు. ఆ గింజల్ని ఈ దేశంలోకి రానీరు. నల్లమందు చెట్టువంట. మీరేమన్నా ఊర్నించి సామాన్లో ఏసుకొచ్చినారా?" అన్నాడు. "లేదండీ, ఊరికే, కోడికూరలోకని..." అంది ఆ అమ్మాయి. పక్కనున్న మొగుడు మాత్రం ఆ మాట గోడలు విన్నాయేమోనన్నట్టు నాలుగు వైపులా చూశాడు. "జీడిపప్పు నూరేసుకో అక్కా, రుచి అదే," అని తేల్చేశాడు కొట్టాయన. రుచి అదే కాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, కోడికీ తెలిసే ఉంటుంది.

అందరితోపాటు నేనూ నవ్వాను. కానీ సంచి పట్టుకుని మెట్రో దాకా నడుస్తుంటే లోపల ఏదో కుదురు తప్పింది. ఎక్కవలసిన రైలు వదిలేసి, ప్లాట్‌ఫారం మీద ఆ చివరి నుంచి ఈ చివరికి తిరగడం మొదలుపెట్టాను. గసగసాల కోసం ఈ దేశంలో ఆ అమ్మాయికంటే ఎక్కువ అల్లాడిన మనిషిని నేనొకావిణ్ని ఎరుగుదును. ఆవిడకి కోడికూర గొడవ లేదు. ఆవిడది మన దేశమే కాదు.

ఆవిణ్ని మేం ఖాలా అనేవాళ్ళం. అరబ్బీలోనైనా ఉర్దూలోనైనా ఆ మాటకి అమ్మ తోడబుట్టినదని అర్థం కాబట్టి, తాయిఫ్‌లో మేమున్న ఆసుపత్రి క్వార్టర్స్‌లో అన్ని దేశాల పిల్లలకీ, పిల్లల తల్లులకీ, చివరికి వాచ్‌మన్‌కి కూడా ఆవిడ ఖాలానే. పుట్టింది చెక్ దేశంలో, మోరావియా అనే వైపు ఒక పల్లెలో. ఆ దేశం ఇంకా రెండుగా విడిపోకముందు, అక్కడికి మెడిసిన్ చదవడానికి వెళ్ళిన ఒక సిరియా కుర్రాణ్ని పెళ్ళి చేసుకుని, ఇంట్లో వాళ్ళందరి కోపాన్నీ అక్కడే వదిలేసి అతనితో వచ్చేసింది. నేను చూసేనాటికి ఆ కుర్రాడు తెల్లటి మీసాల పిల్లల డాక్టరు గారు. తాయిఫ్‌లో ఎంతకాలం నుంచి ఉన్నారంటే, ఒకప్పుడు ఆయన సూదికి ఏడ్చినవాళ్ళు ఇప్పుడు తమ పిల్లల్ని ఆయన దగ్గరికి తీసుకొచ్చి, "ఏడవకూడదు" అని సుద్దులు చెప్పేవాళ్ళు. ఆ దంపతులకి పిల్లలు లేరు.

ఇక నా సంగతి. మా ఆవిడ మత్తు డాక్టరు. మనుషుల్ని నిద్రపుచ్చడమే ఆవిడ ఉద్యోగం. ఆ ఉద్యోగం తాయిఫ్‌లో దొరికినప్పుడు, నేను ఒంగోలులో జూనియర్ కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెప్పుకునే పని మానేసి ఆవిడ వెంట వచ్చాను. నా ఇకామా మీద, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు మీద, నేను "మురాఫిక్" అని ఉంటుంది. అంటే తోడుగా వచ్చినవాడు. దాని పక్కనే, ఇతనికి పని చేసే అనుమతి లేదు అని కూడా ఉంటుంది. ఊళ్ళో ఉన్నప్పుడు ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే మనిషిని, అన్నీ ఆదివారాలే అయ్యేసరికి పిచ్చెక్కింది. మా ఆవిడ ఊరందరినీ నిద్రపుచ్చగలదు గానీ నన్ను కుర్చీలో కూర్చోబెట్టలేకపోయింది. ఆవిడ డ్యూటీకి వెళ్ళగానే నడక మొదలయ్యేది. హాల్లోంచి వంటగదిలోకి, వంటగదిలోంచి కిటికీ దగ్గరికి. కిటికీలోంచి చూస్తే కొండలు, కొండల మీద మబ్బు, ప్రహరీ గోడ మీద వరసగా కూర్చుని పేలు చూసుకునే కొండకోతులు. వాటికి కూడా చేసుకోవడానికి ఒక పని ఉందే అనిపించేది. మళ్ళీ హాల్లోకి.

ఒకరోజు తలుపు చప్పుడైంది. తీస్తే, నెరిసిన జుట్టు ముడేసుకుని, మోచేతుల దాకా పిండి అంటుకుని ఉన్న పెద్దావిడ. మాకు సరిగ్గా కింది ఇల్లు. "పైన ఎవరైనా గుర్రాన్ని కట్టేశారేమో చూద్దామని వచ్చాను," అంది. ఆవిడ ఇంగ్లీషు సగం అరబ్బీ, సగం చేతులు. క్షమించమన్నాను. ఇక మీదట నడవనన్నాను. "నడవకపోతే ఇంకేం చేస్తావు?" అని అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మీ ఊళ్ళో ఏం చేసేవాడివని అడిగి, చెప్పగానే, "అయితే ఉస్తాద్‌వి, పంతులువి అన్నమాట. రా ఉస్తాద్. నా భుజం పట్టేసింది, నీ కాళ్ళు ఊరుకోవడం లేదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అవుతాం," అని మెట్లు దిగడం మొదలుపెట్టింది. వెనకాలే వెళ్ళాను. ఆ ఇంటి హాల్లో డాక్టరు గారు రేడియో వింటున్నారు. నన్ను చూసి, జాలిగా తల ఊపి, మళ్ళీ రేడియో వైపు తిరిగారు. వంటగదిలోకి ఆవిడ చేత పట్టుబడి వచ్చిన మొదటి మనిషిని నేను కాదని నాకు అప్పుడే అర్థమైంది.

ఆవిడ చేసేవి బుఖ్తాలు. పైకి చూస్తే మన బేకరీ బన్నుల్లా ఉంటాయి గానీ, నిజానికి అవి బొబ్బట్లకి దూరపు చుట్టాలు. గోరువెచ్చని పాలలో ఈస్టూ, చెంచాడు చక్కెరా వేసి నురగ వచ్చేదాకా ఆగాలి. ఆ నురగని మైదాలో పోసి, గుడ్డు సొనా, వెన్నా, నిమ్మతొక్క తురుమూ కలిపి కొట్టాలి. పిసకడం కాదు, చెక్క గరిటెతో కొట్టడం. గిన్నె గోడల్ని పిండి దానంతటది వదిలిపెట్టేదాకా కొట్టాలి. నా కాళ్ళలోని తిమ్మిరంతా చేతుల్లోకి దిగేదాకా కొట్టించేది. ఆ పైన బట్ట కప్పి పొంగనివ్వాలి. పొంగాక చిన్న చిన్న ముక్కలు చేసి, నడుమ పూర్ణం పెట్టి, అంచులు మూసి, మూసిన వైపు కిందకి ఉండేలా పళ్ళెంలో పక్కపక్కన ఇరికించాలి. ఒక్కోదానికీ కరిగిన వెన్న పూయాలి. లేకపోతే కాలాక ఒకదాన్నొకటి వదలవు. పొయ్యిలోంచి తీశాక ఇల్లంతా వెన్న వాసన. పైన పొడి చక్కెర చల్లుతుంది. నేను మొదటిసారే ఆగకుండా మూడు తిన్నాను. తాయిఫ్ ఆల్బుకరా పళ్ళని చిక్కగా ఉడకబెట్టి లోపల పెట్టింది. బ్రహ్మాండం అన్నాను. ఖాలా మాత్రం ఒక ముక్క కొరికి, నమిలి, కిటికీలోంచి కొండల వైపు చూస్తూ, "కాదు. ఇది మా అమ్మ చేసినట్టు లేదు," అంది. మర్నాడు మళ్ళీ పిలిచింది. ఆ మర్నాడు మళ్ళీ.

ఈ ఆరాటం దేనికో నాకు కొద్దిరోజులకి గానీ తెలియలేదు. వేసవి అయిపోయేసరికి డాక్టరు గారి కాంట్రాక్టు కూడా అయిపోతుంది. వయసు మీరింది కాబట్టి ఇక పొడిగించరు. ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని దేశం విడిచి వెళ్ళిపోవాలి. ఎక్కడికి? సిరియాలో ఆయన కట్టుకున్న ఇల్లు యుద్ధంలో కూలిపోయింది. ఖాలా సొంతూళ్ళో మాత్రం పుట్టింటి ఇల్లు ఉంది. అందులో ఆవిడ అక్క ఒక్కతే ఉంటోంది. మేడ మీద గది ఖాళీ. కానీ ఆ అక్కాచెల్లెళ్ళ మధ్య దాదాపు నలభై ఏళ్ళుగా సరైన మాటల్లేవు. పండగకోసారి ఫోను, అటు వాతావరణం, ఇటు వాతావరణం, అంతే. ఇప్పుడు ఖాలా ధైర్యం చేసి అడిగింది. మేడ మీద గదిలో మేమిద్దరం ఉండొచ్చా అని. అక్క, "ముందు నేను వచ్చి చూస్తాను," అని ఫోను పెట్టేసిందట.

ఆ మాటని ఖాలా ఆ వేసవంతా జాతకం చూసినట్టు చూసింది. "వచ్చి చూస్తాను అంటే ఏమిటి ఉస్తాద్? ఏం చూస్తుంది? మా ఆయన్ని చూస్తుందా? ఇల్లు చూస్తుందా? నేను ఎంత పాడైపోయానో చూస్తుందా?" పిండి కొడుతున్నంతసేపూ ఇదే. కూర్చునేది కాదు. పిండి పొంగే గంటసేపు కూడా కూర్చునేది కాదు. బట్ట ఎత్తి చూసేది, కప్పేది, ఫోను చూసేది, అద్దం తుడిచేది, మళ్ళీ బట్ట ఎత్తేది. నేను ఉండబట్టలేక, తాయిఫ్ ఎత్తైన ఊరనీ, గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఇక్కడ పిండి త్వరగా పొంగుతుందనీ, అలా మాటిమాటికీ చూడనక్కర్లేదనీ ఒక పాఠం చెప్పాను. "ఉస్తాద్, నీ గాలి ఒత్తిడి చెప్పి మా అక్కని కూడా త్వరగా రమ్మను," అంది. డాక్టరు గారు హాల్లోంచే నవ్వారు. ఆయన పెళ్ళైన నాటి నుంచీ భార్య ఏం చేసి పెట్టినా ఒకటే మాట, "బాగుంది." ఆ మాట వింటే ఖాలాకి ఒళ్ళు మండేది. బాగులేనివాటికీ అదే మాట అయితే బాగున్నవాటికి ఇంక ఏం విలువ అని.

ఖాలా పెళ్ళికి ముందు అక్క చివరిసారి అన్న మాట ఒకటి ఆవిడకి ముల్లులా దిగి ఉండిపోయింది. "పిండి కలపడం కూడా చేతకాని దానివి, ఆ ఎడారిలో సంసారం ఏం చేస్తావు?" అందట. అందుకని ఇప్పుడు అక్క వచ్చి, బల్ల ముందు కూర్చుని, ఒక్క ముక్క నోట్లో పెట్టుకోగానే "అచ్చం అమ్మ చేసినట్టే ఉంది" అనాలి. అంటే మేడ మీద గది దొరికినట్టే. ఖాలా లెక్క అది. ఆ లెక్కకి అడ్డం గసగసాలు. వాళ్ళమ్మ శనివారం శనివారం చేసే బుఖ్తాలలో, వాళ్ళ వైపు దొరికే నల్లటి గసగసాల పూర్ణం ఉండేది. పాలలో ఉడికించి, తేనె కలిపి. అది ఈ దేశంలో కుదరదు కదా. "ఇన్నేళ్ళ నుంచీ నా చేతుల తప్పు కాదు ఉస్తాద్. ఆ గింజలు ఒక్క గుప్పెడు దొరికితే చూపించేదాన్ని." అని నిట్టూర్చేది. ఖర్జూరం పెట్టి చూసింది. అంజూరం పెట్టి చూసింది. కాఫీ పొడి కలిపి చూసింది, అది మాత్రం డాక్టరు గారు కూడా "బాగుంది" అనడానికి ఒక క్షణం ఆలోచించారు.

అప్పుడు నాకు చిమ్మిలి గుర్తొచ్చింది. నల్ల నువ్వులు దోరగా వేయించి, బెల్లం వేసి, రోట్లో నూనె తేలేదాకా దంచితే అయ్యే ఉండ. చూడ్డానికి నల్లగా, నోట్లో ఇసకలా, తర్వాత మైనంలా. మా నాయనమ్మ చేసేది. ఊళ్ళోని ఇండియన్ కొట్టులో నువ్వులూ బెల్లమూ తెచ్చి, మిక్సీలో తిప్పి, ఖాలా చేతిలో పెట్టాను. ఆవిడ నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. "రంగు అదే. పంటి కింద తగలడం అదే. రుచి... చుట్టుపక్కలకి వచ్చాం," అంది. ఆ రోజు చేసిన వాయి చల్లారడానికని వంటగది బాల్కనీలో పెట్టి మేం టీ పెట్టుకునేలోగా, గోడ దూకి కోతుల కుటుంబం ఒకటి దిగింది. మేం పరుగెత్తేసరికి పెద్ద మగకోతి ఒక బుఖ్తాని రెండుగా చీల్చి, లోపలి చిమ్మిలి శుభ్రంగా నాకేసి, పిండి మాకేసి విసిరికొట్టింది. నేను చీపురు ఎత్తాను. ఖాలా నా చెయ్యి పట్టుకుని ఆపింది. "చూశావా, దానికి కూడా నా పిండి నచ్చలేదు," అంది. నవ్వుతూనే అని, ఆ పిండి ముక్కలు ఏరుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అక్క ప్రయాణం ఒకసారి మోకాలి నొప్పి వల్ల వాయిదా పడింది. ఇంకోసారి ఎందుకో చెప్పకుండానే వాయిదా పడింది. ఆ రెండోసారి ఖాలా పొంగిన పిండిని అలాగే వదిలేసి మంచం ఎక్కింది. గిన్నె అంచు దాటి పిండి బల్ల మీదికి పారింది. నేనూ డాక్టరు గారూ దాన్ని గరిటెలతో ఎత్తుతుంటే ఆయన మెల్లగా అన్నారు, "ఆవిడ నాకోసం అందర్నీ వదిలి వచ్చింది. ఇప్పుడు నన్ను వెంటబెట్టుకుని తిరిగి వెళ్ళాలి. ఆ బరువేమిటో నాకు తెలుసు. అందుకే అన్నీ బాగున్నాయి అంటాను. నాకు అంతకంటే పెద్ద మాట అనే హక్కు లేదనిపిస్తుంది." ఆ పెద్దమనిషి అంత పొడుగు మాట చెప్పడం నేను విన్నది అదొక్కసారే.

చివరికి అక్క వచ్చింది. డాక్టరు గారి చూపు దూరం నడపడానికి సరిపోదు కాబట్టి, ఖాలాని ఎక్కించుకుని జెద్దా విమానాశ్రయానికి నేనే వెళ్ళాను. దారంతా ఖాలా సీటు బెల్టుతో యుద్ధం చేస్తూనే ఉంది. బయటికి వచ్చిన మనిషి పొడుగ్గా, ఎముకల గూడులా, తలకి పువ్వుల గుడ్డ గడ్డం కింద ముడేసి కట్టుకుని ఉంది. పొలం నుంచి నేరుగా వచ్చినట్టుంది. కౌగిలింతలుంటాయేమోనని నేను మర్యాదకి అటు తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఇద్దరూ చేతులు కలిపి ఊపుతున్నారు, ఆఫీసులో కొత్తగా పరిచయమైనవాళ్ళలాగా. కార్లో చెరో కిటికీ దగ్గరా కూర్చున్నారు. ముస్లింలు కానివాళ్ళని మక్కాలోకి రానివ్వరు కాబట్టి చుట్టూ తిప్పే రోడ్డు ఎక్కి, ఆ నిప్పుల ఎండలోంచి హదా కొండ మలుపులు ఎక్కుతుంటే, వెనక సీట్లోంచి ఒక్క మాట లేదు. మలుపు మలుపుకీ నాకే ఏదో ఒకటి మాట్లాడేయాలనిపించింది. ఒంగోలు గిత్తల గురించి కూడా చెప్పబోయి ఆపుకున్నాను. పైకి చేరి, మబ్బు కారు అద్దాలకి తగిలినప్పుడు, అక్క ఏదో ఒక మాట అంది. ఖాలా గబగబా తన శాలువా తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది. చలి అన్నదట.

మర్నాడు సాయంత్రం టీకి మమ్మల్నిద్దర్నీ రమ్మన్నారు. మా ఆవిడకి ఆ రోజు డ్యూటీ లేదు. బల్ల మీద ఇస్త్రీ చేసిన గుడ్డ, దాని మీద పళ్ళెం, పళ్ళెంలో చక్కెర చల్లిన బుఖ్తాలు. ఆ వేసవి మొత్తంలో అంతకంటే బాగా కుదిరిన వాయి లేదు. నేను చెప్పడం కాదు, మా ఆవిడ చెప్పింది, ఆవిడకి మొహమాటం లేదు. అక్క ఒకటి విడదీసి, వాసన చూసి, కొరికింది. నింపాదిగా మొత్తం తినేసింది. రెండోది తీసుకుంది. ఖాలా కూర్చోకుండా, ఏప్రన్ అంచుని మెలేస్తూ నిలబడే ఉంది. ఇక ఆగలేక వాళ్ళ భాషలో ఏదో అడిగింది. డాక్టరు గారు మాకోసం మెల్లగా చెప్పారు, "అమ్మ చేసినట్టు ఉన్నాయా అంటోంది."

అక్క చేతిలోని ముక్కని పళ్ళెంలో పెట్టేసింది.

"అమ్మ చేసినట్టా?" అంది. "అమ్మ ఎప్పుడు చేసింది?"

"శనివారాలు," అంది ఖాలా.

"శనివారం అమ్మకి పాలకేంద్రంలో డ్యూటీ. చీకటితో వెళ్ళి సాయంత్రానికి వచ్చేది. పాల క్యాన్లు మోసి మోసి వేళ్ళు మడతపడేవి కావు. ఆ వేళ్ళతో అంచులు మూసేదనుకున్నావా? నేను చేసేదాన్ని. పొయ్యి నాకు అందేది కాదు, స్టూలు వేసుకునేదాన్ని. నువ్వు కట్టెల పెట్టె మీద కూర్చుని గిన్నె నాకేదానివి. ఎన్ని శనివారాలు! పండక్కి ఫోను చేసిన ప్రతిసారీ నువ్వు అమ్మ బుఖ్తాలు, అమ్మ బుఖ్తాలు అంటూనే ఉన్నావు. నలభై ఏళ్ళు విన్నాను."

డాక్టరు గారు ఒక్కో వాక్యమూ మాకు ఇంగ్లీషులో చెబుతుంటే ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది. ఖాలా కుర్చీ కోసం వెనక్కి తడుముకుంది. మా ఆవిడ లాగి ఇచ్చింది. ఆ ఇంట్లో ఖాలా నా కళ్ళముందు కూర్చోవడం అదే మొదలు. "నువ్వా?" అంది. మళ్ళీ, "నువ్వా?" అంది. ఆ మాటకి నాకు అనువాదం అక్కర్లేకపోయింది.

అక్క ఇంకా దులిపేయవలసింది మిగిలినట్టు, "అవి గసగసాలు కూడా కాదు," అంది. "గసగసాలు కొనడానికి ఇంట్లో ఎక్కడ కుదిరేది? ఒక చెంచాడు వేసి, మిగతాదంతా ఎండబెట్టిన బేరిపళ్ళు నూరి కలిపేదాన్ని. నల్లగా కనపడాలని కొంచెం మాడబెట్టేదాన్ని. నువ్వు ఏడవకుండా తినాలని."

ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకావిడ బల్ల మీద కొడుతోంది, ఒకావిడ ముక్కు తుడుచుకుంటోంది, మళ్ళీ తారుమారు. మేం డాక్టరు గారి వైపు చూశాం. ఆయన లేచి, "మిగతాది వాళ్ళది," అని మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపారు. మెట్లెక్కుతూ మా ఆవిడ, "పాపం, ఎవరి కోసం బాధపడాలో తెలియడం లేదండీ," అంది. నాకూ తెలియలేదు. పైకి వచ్చి కూడా కాలు నిలవక, ఒంగోలులో ఉన్న మా అక్కకి ఫోను చేసి, చిన్నప్పుడు చిమ్మిలి నిజంగా ఎవరు చేసేవారే అని అడిగాను. "నాయనమ్మేరా. నేను ఆ రోలు దరిదాపులకి కూడా పోలేదు. ఏం, ఒంట్లో బాగాలేదా?" అంది. ఏం లేదని పెట్టేశాను. అందరి ఇళ్ళలోనూ అన్నీ తిరగబడి ఉండవని తెలిసి కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాటి నుంచి కింది ఇంట్లోంచి గిన్నెల చప్పుడూ, కేకలూ. అక్కగారికి చెల్లెలు పిండి కొట్టే తీరు నచ్చదు. చెల్లెలికి అక్కగారు పొయ్యి సెగ పెంచడం నచ్చదు. నాకు వంటగదిలోకి ప్రవేశం పోయింది. మళ్ళీ నడక మొదలవుతుందేమోనని భయపడుతుండగా కబురొచ్చింది. బజారు నుంచి బేరిపళ్ళు తెమ్మని. బుట్టెడు తెచ్చాను. వాటిని ముక్కలు కోసి డాబా మీద గుడ్డ పరిచి ఆరబోశారు. ఆరబోశాక కోతుల నుంచి కాపలా ఎవరు? కర్ర ఒకటి చేతికిచ్చి నన్ను కూర్చోబెట్టారు. ఎండా, మధ్యమధ్యలో మబ్బూ, చుట్టూ కొండలూ, గోడ మీద నన్నే చూస్తున్న పెద్ద కోతీ. ఒంగోలు వదిలాక నేను ఒకచోట కదలకుండా, కదలాలని అనిపించకుండా కూర్చున్నది అక్కడే. అది కూడా ఎంతోసేపు కాదనుకోండి. గాలి లేస్తే గుడ్డ అంచులు సర్దడానికి లేవవలసి వచ్చేది.

ఆ బేరిపళ్ళ బుఖ్తాలు తిన్నాను. నిజం చెప్పాలంటే నా చిమ్మిలివే బాగున్నాయి. ఆ సంగతి ఆ ఇంట్లో అనే ధైర్యం నాకు లేకపోయింది. ఖాలా మాత్రం మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, మిగిలింది చేత్తో పట్టుకుని అక్క పక్కకి జరిగి కూర్చుంది. ఇద్దరి భుజాలూ తగిలాయి. డాక్టరు గారు యథాప్రకారం "బాగుంది" అన్నారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్కసారిగా ఆయన మీద విరుచుకుపడ్డారు. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం దగ్గర, లోపలికి వెళ్ళబోతూ, అక్క ఆగి చెల్లెలితో ఏదో చెప్పింది. కార్లోకి వచ్చి కూర్చున్నాక ఖాలా నాకు చెప్పింది. "మేడ మీద గది కిటికీలకి చలికాలం రాకముందే రంగు వేయించాలి అంది ఉస్తాద్." అంతే. రమ్మనీ అనలేదు, ఉండమనీ అనలేదు. జెద్దా నుంచి తాయిఫ్ దాకా ఖాలా ఆ కిటికీలకి ఏ రంగు బాగుంటుందో నన్ను అడుగుతూనే ఉంది.

చలికాలానికి ముందే వాళ్ళు వెళ్ళిపోయారు. డాక్టరు గారిని సాగనంపడానికి క్వార్టర్స్ గేటు దగ్గరికి ఆయన చేతి సూదులు తిన్న పెద్దపెద్ద మీసాలవాళ్ళంతా వచ్చి ఆయన నుదుటి మీద ముద్దు పెట్టి ఏడ్చారు. వాళ్ళకి ఏడవకూడదని చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి మా ఆవిడకి రియాద్‌లో పెద్ద ఆసుపత్రిలో పని దొరికి మేమూ కొండ దిగాం. ఇప్పుడు చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళ పిల్లలు సాయంత్రాలు మా ఇంటికి వస్తారు. వాళ్ళకి గాలి ఒత్తిడి గురించి చెప్తాను. కాస్త నడక తగ్గింది. పూర్తిగా పోలేదు.

మొన్న శుక్రవారం ఇంటికి చేరగానే సంచి బల్ల మీద పడేసి ఖాలాకి వీడియో కాల్ చేశాను. డాక్టరు గారు కిటికీ దగ్గర మంచు చూస్తున్నారు. వెనకాల అక్కగారి గొంతు, ఎవర్నో తిడుతూ. ఎవరిని అని అడిగితే, "నన్నే," అంది ఖాలా. పొద్దున లేస్తూనే ఉప్పు దగ్గర మొదలవుతుందట, పడుకునేటప్పుడు దీపం ఎవరు ఆర్పాలనే దగ్గర ఆగుతుందట. నాకు బాధేసి, ఈ వయసులో ఇంకా ఎందుకు ఖాలా ఈ గొడవలు, సర్దుకుపోకూడదా అన్నాను. ఆవిడ ఫోను మొహానికి మరీ దగ్గరగా పెట్టుకుంది. తెర నిండా ఆవిడ కళ్ళే. "సర్దుకుపోవడమా? నలభై ఏళ్ళ తగువులు బాకీ ఉన్నాయి ఉస్తాద్. ఇద్దరికీ వయసైపోతోంది. తొందరగా కానిచ్చుకోవాలి," అని, లోపల్నుంచి పిలుపు రావడంతో ఫోను పెట్టేసింది.

పోయిన ఏళ్ళు తిరిగి రావంటారు. కానీ వాళ్ళిద్దర్నీ చూశాక నాకనిపిస్తుంది, కలిసి వాడుకోని ఏళ్ళు ఎటూ పోకుండా ఎక్కడో ఒకచోట ఉండిపోతాయనీ, ఒకే కప్పు కిందికి చేరగలిగినవాళ్ళకి అవి రోజుకింత చొప్పున, పోట్లాటల రూపంలోనైనా సరే, చేతికి అందుతూనే ఉంటాయనీ.